“గొడ్ల డాక్టరా?” అని సంబంధం వదిలేశారు. పశువైద్య పరిశోధనలో ఉన్నవాళ్ళకి పేరు, సంసారం రెండూ కుదరవా?

పీహెచ్‌డీ_పిచ్చోడు
ఎంవీఎస్సీ మైక్రోబయాలజీ అయింది. పీహెచ్‌డీ సీటు కూడా వచ్చింది. ఇంట్లో మాత్రం రోజూ పంచాయితీ. నాన్న “వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుడి ఉద్యోగం) నోటిఫికేషన్ పడితే రాసెయ్, ఏదో ఒక మండలంలో ఆసుపత్రి చూసుకో, ఆ ల్యాబులూ ఎలుకలూ మనకెందుకురా” అంటాడు. అమ్మది వేరే బాధ. మొన్న ఒక సంబంధం అన్నీ కుదిరాయనుకునే సరికి పిల్ల మేనమామ “గొడ్ల డాక్టరా? అదీ ప్రాక్టీసు లేకుండా ఇంకా చదువుతూనే ఉన్నాడా?” అన్నాడట. అంతే, మళ్ళీ ఫోన్ లేదు. అప్పటినుంచి అమ్మ నా వైపు చూసినప్పుడల్లా నిట్టూర్పే.

నేనడిగేది ఒక్కటే. పశువైద్యం చదివి, పరిశోధనలో పడి, జనానికి నిజంగా పనికొచ్చేది చేసి, ఇల్లూ వాకిలీ కూడా చూసుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా? పేరు చెప్పండి, అమ్మకి చూపిస్తాను. “కష్టే ఫలి” టైపు సలహాలు మాత్రం వద్దు, ఇప్పటికే నాన్న దగ్గర స్టాకు చాలా ఉంది.

కొబ్బరాకు
ఆ మేనమామకి గేదె ఉందా? ఉంటే అర్ధరాత్రి ఈనేటప్పుడు దూడ అడ్డం తిరగాలని మొక్కుకో. అప్పుడు తెలుస్తుంది గొడ్ల డాక్టర్ విలువ.

సీమటపాకాయ్
మధ్యలో గేదె ఏం పాపం చేసిందన్నా.

మైక్రోబ్_మాస్టారు
బాబూ పీహెచ్‌డీ, ముందు చొక్కా విప్పి నీ ఎడమ భుజం చూసుకో. చిన్న గుంట లాంటి మచ్చ ఉంటుంది. ఆ మేనమామకీ ఉంటుంది, సంబంధం తప్పిపోయిన ఆ పిల్లకీ ఉంటుంది. అది క్షయ (టీబీ) రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ. పేరులో బీ అంటే బాసిలస్, సీ అంటే కాల్మెట్, జీ అంటే గెరాన్. కాల్మెట్ మనుషుల డాక్టరు. గెరాన్ అచ్చంగా నీలాంటి గొడ్ల డాక్టరు.

కమీల్ గెరాన్ 1872 డిసెంబర్ 22న ఫ్రాన్స్‌లోని పువాత్యే ఊళ్ళో పుట్టాడు. ఉన్నవాళ్ళ ఇల్లేం కాదు. 1882లో తండ్రి క్షయతో పోయాడు. పిల్లాడు ప్యారిస్ పక్కనే ఉన్న ఆల్ఫోర్ పశువైద్య కళాశాలలో 1892 నుంచి 1896 దాకా చదివాడు. అక్కడ ఎడ్మండ్ నోకార్ అనే మహా గట్టి ప్రొఫెసర్ దగ్గర సహాయకుడిగా చేశాడు. 1897లో లీల్ ఊరి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాల్మెట్ దగ్గర చేరాడు. మొదట్లో ఇచ్చిన పని ఏంటో తెలుసా? పాము కాటుకి సీరం తయారు చెయ్యడం, మశూచి టీకా తయారు చెయ్యడం. అంటే ఇవాళ మన జూనియర్లకి చెప్పే “ముందు ప్లేట్లలో మీడియా (క్రిములకి మేత) పొయ్యి, ప్లేట్లు కడుగు” లాంటి ఉద్యోగమే.

క్షయ పని తర్వాత మొదలైంది. నోకార్ ఒక ఆవు పాల నుంచి వేరు చేసిన పశువుల క్షయ క్రిమిని వీళ్ళు తీసుకున్నారు. ఆ క్రిములతో ఒక చికాకు ఉంది. అవి గొట్టంలో ముద్దలు కడతాయి, ఎంత మోతాదు ఎక్కించామో లెక్క తేలదు. ముద్ద కట్టకుండా ఉండటానికి ఎద్దు పైత్యరసంలో, గ్లిజరిన్‌లో ఉడికించిన బంగాళాదుంప ముక్క మీద పెంచారు. అలా పెంచుతూ పోతే క్రిమి కాస్త మెత్తబడుతోందని కనిపించింది. దాన్ని వాళ్ళు వదల్లేదు. 1908 నుంచి 1921 దాకా, దాదాపు మూడు వారాలకొకసారి కొత్త దుంప ముక్క మీదకి మార్చడమే. మొత్తం 230 సార్లు.

మీ అమ్మగారికి ఇది చెప్పు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆయన చేసిన పని అందరి ఒంటి మీదా ఉంది.

లెక్కల_లింగమూర్తి
పదమూడేళ్ళు, ఏడాదికి యాభై రెండు వారాలు, మూడుతో భాగిస్తే 225. సరే, 230 అంటే లెక్క కుదిరింది. పాస్.

కొబ్బరాకు
పదమూడేళ్ళు బంగాళాదుంప ఉడకబెట్టాడా! మా ఆవిడ ఒక్క ఆదివారం వేపుడు చెయ్యమంటేనే నాకు వళ్ళు నొప్పులు.

నెమలికన్ను
మాస్టారూ, మా అమ్మమ్మ ముంజేతి మీద గుండ్రంగా పెద్ద మచ్చలుంటాయి, భుజం మీద చిన్నది ఉండదు. మరి ఆవిడకి?

మైక్రోబ్_మాస్టారు
అవి మశూచి టీకావమ్మా. ఆ తరం వాళ్ళకి అవే ఉంటాయి. కొంతమందికి రెండు రకాలూ ఉంటాయి. మశూచి టీకా కూడా అప్పట్లో దూడల చర్మం మీద పెంచేవాళ్ళు. అక్కడా పశువులే.

ల్యాబ్‌లో_లక్ష్మి
మాస్టారూ, కథ బాగుంది. కానీ ఆ అబ్బాయి అడిగిన దాంట్లో సగానికే జవాబు వచ్చింది. వాడు సంసారం గురించి కూడా అడిగాడు. మీరు చెప్పని ముక్క నేను చెబుతాను. గెరాన్ భార్య కూడా క్షయతోనే పోయింది, 1918లో. అప్పటికి ఆ దుంప ముక్కల మీద పదేళ్ళ చాకిరీ అయిపోయింది. లీల్ ఊరేమో 1914 నుంచి జర్మన్ల చేతిలో. దుంపలు దొరకవు, పైత్యరసం దొరకదు. అయినా వాళ్ళు కల్చర్లు (క్రిముల పెంపకం) ఆపలేదు. చిన్నప్పుడు తండ్రిని తీసుకుపోయిన జబ్బే పెళ్ళాన్నీ తీసుకుపోతుంటే ఆయన పొద్దున్నే లేచి ఆ క్రిమినే మేపడానికి వెళ్ళేవాడు. దీన్ని మీ అమ్మకి “సంసారం బాగా చేసుకున్నాడు” అని ఎలా చూపిస్తావు తమ్ముడూ?

నేనూ వెట్‌నే. గొర్రెల వైరస్ జబ్బుల మీద పని. పెళ్ళైన కొత్తలో శాంపిల్స్ కోసం ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చేసరికి రాత్రయ్యేది. జుట్టులో గొర్రె వాసన. అత్తగారు ముక్కు మూసుకుని “ముందు స్నానం, తర్వాతే వంటింట్లోకి” అనేవారు. ఒకసారి సంస్థ ఫ్రీజర్ పాడై, రక్తం ట్యూబులున్న ఐస్ బాక్సు ఇంటికి తెచ్చి హాల్లో ఓ మూల పెట్టాను. ఆడపడుచు ఐస్‌క్రీమ్ అనుకుని మూత తీసింది. ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. ఇదీ మన సంసారం. కుదరదని అనను. కానీ కుదిరించేది ఇంట్లో రెండో మనిషి. మా ఆయన బ్యాంకు నుంచి వచ్చి పిల్లలకి అన్నం పెట్టకపోతే నా పేపర్లు ఒక్కటీ బయటికి వచ్చేవి కావు. నువ్వు చూసుకునే అమ్మాయికి ఉద్యోగం ఉందా, నీకు వంట వచ్చా, ముందు అవి చెప్పు.

పీహెచ్‌డీ_పిచ్చోడు
లక్ష్మి అక్కా, వంట వచ్చు. హాస్టల్ వంట. ఐస్‌క్రీమ్ సంగతికి మాత్రం నవ్వలేక చచ్చాను.

గెరాన్ భార్య సంగతి నాకు తెలియదు. ఎంవీఎస్సీ వైవాలో బీసీజీ స్ట్రెయిన్లు (క్రిమి రకాలు) వరసగా అప్పజెప్పాను, ఆ జీ వెనక ఒక మనిషి ఉన్నాడని ఏ రోజూ ఎవరూ చెప్పలేదు.

వరంగల్_వెటర్నరీ
తమ్ముడు, వైవాలో మనిషి గురించి అడిగితే ఎగ్జామినర్ కూడా ఫెయిలే.

మైక్రోబ్_మాస్టారు
లక్ష్మి గారు చెప్పింది నిజమే. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. బీసీజీ జబ్బు రాకుండా ఆపేదే, వచ్చినదాన్ని తగ్గించేది కాదు. అప్పటికే జబ్బు పడ్డ మనిషికి ఆ సీసాలో మందు లేదు. పైగా మొదటిసారి మనిషికి ఇచ్చిందే 1921లో, ప్యారిస్‌లో. పుట్టిన బిడ్డ, తల్లి క్షయతో పోయింది, పెంచాల్సిన అమ్మమ్మకీ క్షయే. డాక్టర్ వైల్-హాలే ఆ బిడ్డకి నోటి ద్వారా ఇచ్చాడు. ఇంజెక్షన్ కాదు, తాగించాడు. బిడ్డ బతికింది.

హ్యూస్టన్_హనుమంతు
ఈ మచ్చ నాకు చేసిన అల్లరి చెప్పాలి. ఇక్కడ హాస్పిటల్ ఐటీలో ఉద్యోగం. చేరేముందు టీబీ స్కిన్ టెస్ట్ అన్నారు. ముంజేతిలో సూది, రెండు రోజుల తర్వాత చూస్తే ఎర్రగా ఉబ్బి కూర్చుంది. నర్సమ్మ మొహం మారిపోయింది. “చిన్నప్పుడు బీసీజీ వేశారమ్మా” అని మచ్చ చూపిస్తే, ఆవిడ జన్మలో అలాంటిది చూడలేదట. అమెరికాలో మామూలుగా పిల్లలకి బీసీజీ వెయ్యరు కదా. ఎక్స్‌రే తీసి, తర్వాత ఏదో రక్త పరీక్ష చేస్తే అది నెగెటివ్ వచ్చింది. అప్పుడు వదిలారు. ఆ రెండు పరీక్షలకీ తేడా ఏంటో ఎవరైనా చెప్తారా? ఇంటర్ బైపీసీ దాకా నేను కూడా మనవాడినే.

మైక్రోబ్_మాస్టారు
మంచి ప్రశ్న. స్కిన్ టెస్ట్‌లో వాడే ట్యూబర్‌క్యులిన్ అనేది రకరకాల క్షయ ప్రొటీన్ల కలగలుపు. వాటిలో చాలా వరకు బీసీజీ క్రిమిలో కూడా ఉంటాయి. కాబట్టి టీకా పడ్డవాడి ఒళ్ళు “ఇది నాకు తెలిసినదే” అని ఉబ్బుతుంది. 230 సార్లు దుంప మీద మార్చడంలో ఆ క్రిమి కొన్ని జన్యువుల్ని పోగొట్టుకుంది. వాటిలో ముఖ్యమైన ముక్కని ఇప్పుడు ఆర్‌డీ1 అంటారు. నీకు చేసిన రక్త పరీక్ష ఆ ముక్క తయారు చేసే ప్రొటీన్లనే చూస్తుంది. అవి బీసీజీలో ఉండవు, అసలు క్షయ క్రిమిలో ఉంటాయి. అందుకే నీది నెగెటివ్.

గెరాన్‌కి అప్పట్లో ఆ జన్యువుల సంగతే తెలియదు. లేగదూడ మీద, గినీ పంది మీద పెట్టి “చావలేదు, కానీ తట్టుకుంటోంది” అని మాత్రం చూశాడు. ఏ ముక్క పోయిందో పట్టుకోవడానికి మరో డెబ్బై ఏళ్ళు పైనే పట్టింది.

హ్యూస్టన్_హనుమంతు
అంటే ఫ్రాన్స్‌లో ఒకాయన ఉడకబెట్టిన దుంప వల్ల నేను హ్యూస్టన్‌లో ఎక్స్‌రే తీయించుకున్నాను. బాగుంది.

చీమకుర్తి_చిన్నోడు
ఇంత హడావిడి ఎందుకండీ. బీసీజీ పనిచెయ్యదని మన దగ్గరే తేలింది కదా. మద్రాసు పక్కన చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి లక్షల మంది మీద చూశారు. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టీబీని ఆపలేదు. అంతకు ముందే 1955లో రాజాజీ గారు బీసీజీ వద్దని పుస్తకమే వేశారు. మీరేమో ఆ గెరాన్‌కి గుడి కడుతున్నారు.

పిల్లల_డాక్టర్_పీలేరు
చిన్నోడు గారూ, చెంగల్పట్టు సంగతి నిజమే, ఎవరూ కాదనరు. కానీ సగం చెప్పి వదిలేశారు. బీసీజీని ఇప్పుడు పుట్టగానే వేసేది పెద్దయ్యాక ఊపిరితిత్తుల టీబీ రాకుండా ఉండటానికి కాదు. పసిపిల్లల్లో మెదడు పొరలకి పట్టే టీబీ, ఒళ్ళంతా పాకే మిలియరీ టీబీ, ఈ రెండింటి నుంచి కాపాడటానికి. ఆ పని అది బాగానే చేస్తుంది.

మెదడు టీబీ వచ్చిన పిల్లాడిని మీరు చూశారా? వారం పది రోజులు జ్వరం, చిరాకు, వాంతులు. తల్లి “అజీర్తి అనుకున్నామండీ” అంటుంది. తర్వాత మెడ బిగుస్తుంది, చూపు ఒక పక్కకి పోతుంది. బతికినా మాట రాకపోవచ్చు, నడక పోవచ్చు. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు చూసిన పిల్లల్లో ఒకడి భుజాన మచ్చ లేదు. ఇంట్లోనే కాన్పు, టీకా ఎవరూ వెయ్యలేదు. తాతకి దగ్గు. ఇక మిగతా కథ మీరే ఊహించుకోండి.

రాజాజీ గారి మాటకి వస్తే, ఆయన పెద్ద మనిషి. కానీ టీకాల విషయంలో ఆయన మాట వినకపోవడమే మంచిదైంది.

చీమకుర్తి_చిన్నోడు
పిల్లల సంగతి ఒప్పుకుంటాను. పెద్దవాళ్ళకి నూరేళ్ళయినా ఇంకో టీకా రాలేదంటే మాత్రం సిగ్గుపడాలి.

పిల్లల_డాక్టర్_పీలేరు
అందులో నాకూ మీకూ తగాదా లేదు.

మదనపల్లె_మూర్తి
ఇంతమంది మాట్లాడారు, మా ఊరి పేరు ఒక్కరూ ఎత్తలేదు! మన దేశంలో బీసీజీ మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1948 ఆగస్టులో. మా ఊరి పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం (క్షయ రోగుల ఆసుపత్రి) ఉంది కదా, 1912 ప్రాంతంలో డాక్టర్ ఫ్రిమోట్-మోల్లర్ అనే డేనిష్ ఆయన మొదలుపెట్టింది. అక్కడే బీసీజీ చిన్న ప్రయోగంగా మొదలై, తర్వాత దేశమంతా వెళ్ళింది. టీకా తయారు చెయ్యడానికి మద్రాసు గిండీలో ల్యాబు కూడా ఆ ఏడే పెట్టారు.

మా తాత ఆ శానిటోరియంలో వంటవాడు. రోగుల్ని చలిగాలి తగిలేలా వరండాల్లో పడుకోబెట్టేవాళ్ళని చెప్పేవాడు. అప్పుడు మందులు లేవు కదా, గాలి, గుడ్లు, పాలు, విశ్రాంతి. రోజూ గుడ్లు ఉడకబెట్టడమే తన పని. ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెద్ద వాళ్ళు వచ్చి ఉండేవాళ్ళట. “డబ్బున్నోడికీ లేనోడికీ ఒకే గుడ్డురా” అనేవాడు.

సీమటపాకాయ్
మూర్తి అన్నా, మాది కదిరి. మదనపల్లె అంటే టమాటా ఒక్కటే అనుకున్నా ఇన్నాళ్ళూ.

మదనపల్లె_మూర్తి
టమాటా రేటు పడిపోయినప్పుడు మాకూ అలాగే అనిపిస్తుంది.

లెక్కల_లింగమూర్తి
ఒక అనుమానం. ల్యూబెక్ గురించి ఎవరూ మాట్లాడరేం? పొగిడేటప్పుడు అది కూడా చెప్పాలి కదా.

మైక్రోబ్_మాస్టారు
చెప్పాలి. 1930, జర్మనీలో ల్యూబెక్ ఊరు. దాదాపు 250 మంది పసిపిల్లలకి బీసీజీ అని ఇచ్చిన దాంట్లో అసలు క్షయ క్రిమి కలిసిపోయింది. 70 మందికి పైగా చనిపోయారు. ప్యారిస్ నుంచి పంపిన కల్చర్ మంచిదే. ల్యూబెక్ ల్యాబులోనే కలిసింది, కోర్టు కేసులో తేలింది, అక్కడి డాక్టర్లకి శిక్ష పడింది. కానీ ఆ తేలేలోపు ప్రపంచమంతా కాల్మెట్‌నీ గెరాన్‌నీ తిట్టింది. కాల్మెట్ 1933లో పోయాడు. గెరాన్ ఇంకా 28 ఏళ్ళు బతికి, ఆ మచ్చని మోశాడు. 1928లోనే లీల్ నుంచి ప్యారిస్ వచ్చి అక్కడ క్షయ విభాగం చూసుకున్నాడు. 1948లో బీసీజీ మీద మొట్టమొదటి అంతర్జాతీయ సభ పెడితే అధ్యక్షుడు ఆయనే. 1961లో పోయేనాటికి 88 ఏళ్ళు.

నేను మా పిల్లలకి ల్యాబు నియమాలు చెప్పేటప్పుడు ల్యూబెక్ కథతోనే మొదలుపెడతాను. రెండు కల్చర్లు ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్టి లేబుల్ “రేపు రాస్తాలే సార్” అన్నవాడు ఆ రోజు బయటే నిలబడాలి.

పీహెచ్‌డీ_పిచ్చోడు
మాస్టారూ, మీరు నా గైడ్ కాదు కదా? లేబుల్ మాట వినగానే టెన్షన్ వచ్చింది.

కాకినాడ_కాజా
మా బాబాయికి మూత్రాశయంలో క్యాన్సర్ వచ్చింది. గడ్డ తీసేశాక డాక్టరు “బీసీజీ ఎక్కిస్తాం” అన్నాడు. మేమందరం ముఖాలు చూసుకున్నాం, పసిపిల్లల టీకా అరవై దాటినాయనకేంటి అని. వారానికొకసారి గొట్టం ద్వారా లోపలికి పంపి, రెండు గంటలు ఆపుకోమన్నారు. మంట, జ్వరం వచ్చేవి. ఇప్పుడు బాగున్నాడు, చెకప్‌లకి వెళ్తున్నాడు. ఈ థ్రెడ్ చదివి ఆయనకి ఫోన్ చేసి “నీకు ఎక్కించింది ఒక ఫ్రాన్స్ ఆవు నుంచి వచ్చిందట బాబాయ్” అన్నాను. “అందుకేనేమో, ఈ మధ్య కాఫీ మానేసి పాలు తాగుతున్నా” అన్నాడు.

నెమలికన్ను
నిజమా! క్యాన్సర్‌కి టీకా ఎలా?

మైక్రోబ్_మాస్టారు
అవును, 1976 నుంచీ వాడుకలో ఉంది. క్రిమి తగిలేసరికి మూత్రాశయం గోడలో రక్షణ కణాలు కోపంగా మూగుతాయి, ఆ కోపంలో క్యాన్సర్ కణాల్ని కూడా తింటాయి. గోడ కండరం దాకా పాకని గడ్డలకే పనికొస్తుంది.

వరంగల్_వెటర్నరీ
మా ఆల్ఫోర్ బ్యాచ్‌లో ఇంకొకాయన ఉన్నడు, ఆయనను మర్చిపోయిన్రు. (మా బ్యాచ్ అంటే ప్రపంచంలో గొడ్ల డాక్టర్లందరం ఒకటే బ్యాచ్ అని లెక్క.) గాస్టన్ రామోన్. మేకు గుచ్చుకోంగనే అందరు “టీటీ వేయించుకో” అంటరు గద, ఆ టీటీ సంగతే.

ఈయన గుర్రాల సీరం తయారుచేసే చోట పనిచేసేవాడు. గుర్రానికి విషం ఎక్కించి సీరం తీసుడు, అంత పెద్ద జంతువుతోటి రోజూ కుస్తీ. ఫార్మలిన్ కొంచెం కలిపి కాస్త వేడిలో పెడితే డిప్తీరియా విషం చంపే గుణం పోగొట్టుకుంటది, కానీ ఒంటికి గుర్తుండే గుణం పోదు అని 1923 ప్రాంతంలో కనిపెట్టిండు. ధనుర్వాతానికి కూడా అదే పద్ధతి. ఇవాళ పిల్లలకిచ్చే డీపీటీలో డీ, టీ రెండూ ఆ దారిలో వచ్చినయే. నొబెల్‌కి 150 సార్లకు పైగా పేరు పంపిన్రు. ఒక్కసారి కూడా రాలే.

ఇగ సంసారం సంగతి. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ ఎమీల్ రూ ఉన్నడు గద, వాళ్ళ బంధువుల అమ్మాయినే చేసుకుండు. తమ్ముడు, నీ గైడ్‌కి మేనకోడళ్ళు ఎవరైనా ఉన్నరేమో కనుక్కో.

పీహెచ్‌డీ_పిచ్చోడు
అన్నా, మా గైడ్ గారు ఈ వేదిక చదువుతారు. దయచేసి.

కొబ్బరాకు
150 సార్లు రాలేదంటే, నీకు తప్పిపోయింది ఒక్క సంబంధమే కదా పీహెచ్‌డీ, ఇంకా చాలా ఉన్నాయి.

ఆవకాయ_ఆస్ట్రేలియా
నొబెల్ వచ్చిన వెట్ కావాలంటే మా దగ్గర ఉన్నాడు. పీటర్ డోహర్టీ. బ్రిస్బేన్ కుర్రాడు, 1962లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ నుంచి వెటర్నరీ డిగ్రీ. ఎడిన్‌బరో వెళ్ళి గొర్రెల మెదడుకి పట్టే వైరస్ జబ్బు మీద పీహెచ్‌డీ. కాన్‌బెరాలో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జింకర్‌నాగెల్‌తో కలిసి ఎలుకల మీద పని. మన రక్షణ కణం వైరస్ ఉన్న కణాన్ని ఎలా గుర్తుపడుతుందో చెప్పారు. 1974లో పేపర్లు, 1996లో నొబెల్. ఆ బహుమతి అందుకున్న మొదటి పశువైద్యుడు ఆయనే. భార్య పెనీ కూడా మైక్రోబయాలజీ చదివిన మనిషి. 1965లో పెళ్ళి, ఇద్దరు మగపిల్లలు. బ్రిస్బేన్, ఎడిన్‌బరో, కాన్‌బెరా, అమెరికా, మెల్‌బోర్న్, సంసారం మొత్తం సర్దుకుని తిరిగారు. లక్ష్మి గారు చెప్పిన ఆ రెండో మనిషి లేకపోతే ఇన్ని ఊళ్ళు మారగలిగేవాడా!

2020లో కరోనా లాక్‌డౌన్‌లో ఈ పెద్దాయన మద్యం షాపు టైమింగ్స్ గూగుల్‌లో కొట్టబోయి ట్విట్టర్‌లో కొట్టేశాడు. దేశం మొత్తం నవ్వుకుంది.

పీహెచ్‌డీ_పిచ్చోడు
చివరి పేరా తీసేసి అమ్మకి చూపిస్తాను.

చీమకుర్తి_చిన్నోడు
ఫ్రాన్స్, ఆస్ట్రేలియా అయింది. ఇక్కడ పరిస్థితి చెప్పేవాళ్ళు లేరా? ఇక్కడ వెట్ అంటే ఎద చూడటం, సూది వెయ్యడం, సర్టిఫికెట్ రాయడం. పరిశోధన ఎక్కడ?

గోశాల_గోపాలం
నేను పాతికేళ్ళ నుంచి మండలంలో పశువుల డాక్టర్‌ని. చిన్నోడు గారూ, ఎద చూడటం చిన్నతనం అన్నట్టు రాశారు. ఒకసారి రండి. గేదె పడుకుని నొప్పులు తీస్తుంటే, దూడ తల వెనక్కి తిరిగి ఉంటే, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో మాత్రమే దవడ ఎక్కడుందో వెతికి, మోకు తగిలించి, నొప్పి వచ్చినప్పుడే లాగి, నొప్పి ఆగినప్పుడు ఆగి... అది అయ్యాక రెండు రోజులు భోజనం ఎడం చేత్తో చేస్తాం.

పరిశోధన కూడా అక్కడే మొదలవుతుంది. గొర్రెలు మేత నుంచి వచ్చి గంటలో పడిపోతున్నాయని గొల్లాయన చెబుతాడు. చిటుక రోగమా, పిడుగా, మేతలో విషమా? పొట్ట కోసి చూసి, పేగు ముక్క కట్టి, ఐస్‌లో పెట్టి ల్యాబుకి పంపేది మేమే. ల్యాబు వాళ్ళు చెప్పకపోతే మేం చీకట్లో కొట్టుకుంటాం. మేం పంపకపోతే వాళ్ళకి పేపరు లేదు. గెరాన్‌కి కూడా ఆ క్రిమి నోకార్ ఇచ్చిన జబ్బు ఆవు పాల నుంచే కదా వచ్చింది. ఎవరో ఒక పొదుగు పట్టుకుని చూసి ఉంటారు.

పీహెచ్‌డీ బాబూ, చెయ్యి. నీలాంటి వాడు గచ్చిబౌలిలో ఎన్ఐఏబీ (పశు బయోటెక్నాలజీ సంస్థ)లోనో, ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థలోనో, బెంగళూరు ల్యాబులోనో కూర్చుంటే మేం పంపిన డబ్బా తెరిచి చూసే మనిషి ఉంటాడు. ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష మాత్రం వదలకు, పీహెచ్‌డీతో పాటే చదువు. వీఏఎస్ కూడా రాసి పెట్టు, నాన్నగారి మనసు నిమ్మళంగా ఉంటుంది.

ల్యాబ్‌లో_లక్ష్మి
గోపాలం గారి మాటే నాదీను. ఒక్క సవరణ, డబ్బా మీద తేదీ, గొర్రె వయసు రాసి పంపండి సార్. సగం వాటి మీద “అర్జెంట్” అని తప్ప ఇంకేం ఉండదు.

గోశాల_గోపాలం
అర్జెంటే కదమ్మా మరి.

అత్తగారి_కబుర్లు
అబ్బాయ్, నేను మీ అమ్మ ఈడు మనిషిని. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఆ వైపు మాట చెబుతున్నా. మాకు గొడ్ల డాక్టర్ అని కాదు భయం. ఇంకా ఎన్నేళ్ళు చదువుతాడు, జీతం ఎప్పుడు, ఏ రాష్ట్రానికి పోతాడు, ఆ జబ్బు క్రిములు చేతికి అంటించుకుని ఇంటికొస్తాడా, ఇవీ మా ప్రశ్నలు. మీ అమ్మ ఇవి ముందే తను చెప్పేస్తే మేనమామలు నోరెత్తరు. ఫెలోషిప్ ఎంతో కాగితం మీద రాసి పట్టుకెళ్ళమను. గెరాన్ కథ పెళ్ళిచూపుల్లో చెప్పకండి బాబూ, భార్య పోయిందని వింటే పిల్ల తల్లి లేచి వెళ్ళిపోతుంది.

పీహెచ్‌డీ_పిచ్చోడు
చదివి వినిపించాను అమ్మకి, మొత్తం కాదు, ఏరి ఏరి. భుజం మీద మచ్చ సంగతికి తన భుజం చూసుకుంది. తనకి లేదు. “నాకు మచ్చ కూడా పడలేదు, ఆ టీకా సరిగ్గా వేశారో లేదో” అని కొత్త దిగులు పట్టుకుంది. ఫెలోషిప్ కాగితం ఐడియా నాన్నకి నచ్చింది. సీటు వదలడం లేదు. అడ్మిషన్ ఫీజు కట్టేశాను.

పిల్లల_డాక్టర్_పీలేరు
మచ్చ పడకపోయినంత మాత్రాన టీకా పనిచెయ్యలేదని కాదు, అమ్మగారికి చెప్పండి. కొంతమందికి పడదు. ఆ వయసులో మళ్ళీ వెయ్యాల్సిన అవసరమూ లేదు.

అత్తగారి_కబుర్లు
ఇంతమంది డాక్టర్లు ఉన్నప్పుడే అడిగేస్తా. మా పాలామె ఇవాళ ఆవు జున్నుపాలు తెచ్చింది. మా మనవడు పచ్చివే తాగుతానని గోల. టీబీ ఆవు పాల నుంచి కూడా వస్తుందని పైన చదివాక గ్లాసు లాగేసుకున్నా. మంచి పని చేశానా?

గోశాల_గోపాలం
చేశారమ్మా. పాలు పచ్చివి తాగించకండి, ఆవు ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే. టీబీ ఒక్కటే కాదు, బ్రూసెల్లా కూడా పచ్చి పాలలోనే వస్తుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు. మా వాళ్ళలోనే ఎంతమందికి వచ్చిందో. పాలు బాగా పొంగనిచ్చి కాయండి. జున్ను చేస్తే గిన్నె మధ్య భాగం కూడా గట్టిపడేదాకా ఆవిరి మీద ఉంచండి, అంచులు గట్టిపడగానే దించెయ్యకండి.

కొబ్బరాకు
బెల్లంతో పాటు మిరియాలు దంచి వెయ్యండి. అడ్రసు మెసేజ్ చెయ్యండి.